మూడు పదిహేనులు

పోకెమాన్ గో ఆడేవాళ్లు ఇద్దరు కొత్తగా కలిస్తే, ఊరూ పేరూ అయ్యాక వచ్చే మొదటి ప్రశ్న దాదాపు ఇదే: "నీ దగ్గర హండ్రెడ్‌లు ఎన్ని ఉన్నయ్?" హండ్రెడ్ అంటే నూటికి నూరు మార్కులు వచ్చిన పోకెమాన్. ఆ ఒక్కదాని కోసం అవే పిట్టల్నీ అవే పురుగుల్నీ వందలసార్లు పట్టి, మార్కులు చూసి, వదిలేసేవాళ్లు ఉన్నారు. అంత కష్టపడి సంపాదించినదానికి ఆటలో నిజంగా విలువ ఉందా అన్నది ఆటగాళ్ల మధ్య ఎప్పటికీ తెగని తగాదా. లెక్క ప్రకారం లేదని ఒక పక్షం. ఉంది, నీకు దొరకలేదు కాబట్టి అట్లంటున్నవ్ అని ఇంకో పక్షం. రెండు పక్షాలూ అంకెలే మాట్లాడతాయి. నేను కూడా ముందు అంకెలే మాట్లాడతాను, ఉద్యోగం నేర్పిన అలవాటు. కానీ ఈ ప్రశ్న అంకెల దగ్గర ఆగేది కాదని నాకనిపిస్తుంది. ఈ ఆట తన జీవాల్ని ఎట్లా చూడమని మనకు నేర్పుతోంది? కథనో సినిమానో విమర్శించేటప్పుడు, ఇది తన మనుషుల్ని ఎట్లా చూస్తోంది అని అడుగుతాం కదా. ఆటని కూడా అట్లా అడగొచ్చు.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఫోన్ తెరిస్తే మనమున్న ఊరి మ్యాపే కనిపిస్తుంది. మనం నడిస్తే అందులో మన బొమ్మ నడుస్తుంది. దారిలో పోకెమాన్ అనే జీవాలు కనిపిస్తాయి, బంతి విసిరి పట్టుకోవాలి. గుడి, చర్చి, విగ్రహం, పార్కు లాంటి చోట్లు పోకెస్టాప్‌లు. అక్కడికి వెళితే బంతులు దొరుకుతాయి. పట్టినవాటిని పెంచి పెద్ద చేసి పోటీలకు దింపొచ్చు. అమెరికాలో ఇది 2016 జులైలో వచ్చింది. మన దేశంలోకి అధికారికంగా అదే ఏడాది డిసెంబర్ 13న, రిలయన్స్ జియోతో కలిసి వచ్చింది. అప్పటికి జియో మొదలై మూడు నెలలు. మా డోర్నకల్ వరంగల్ జిల్లాలోంచి కొత్తగా ఏర్పడ్డ మహబూబాబాద్ జిల్లాలోకి మారి రెండు నెలలు. ఫ్రీ డేటా, కొత్త జిల్లా, కొత్త ఆట, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

ఇక ఆ మార్కుల సంగతి. ప్రతి పోకెమాన్‌కూ మూడు అంకెలు పుట్టుకతోనే వస్తాయి: అటాక్, డిఫెన్స్, స్టామినా. ఒక్కోటి 0 నుంచి 15 వరకు ఎంతైనా ఉండొచ్చు. మూడూ 15 అయితే 45కి 45, అదే హండ్రెడ్. కంప్యూటర్లతో పనిచేసేవాళ్లకు ఈ 15 ఎక్కడిదో చూడగానే తెలిసిపోతుంది: నాలుగు బిట్లలో పట్టే అతి పెద్ద అంకె. మూడు నాలుగులు పన్నెండు బిట్లు, అంటే 4096 కలయికలు. బయట మామూలుగా తిరిగే పోకెమాన్ హండ్రెడ్ అయ్యే అవకాశం 4096లో ఒకటి. అట్లాగని 4096 పడితే ఒకటి గ్యారంటీ అనుకోకండి. అన్ని పట్టినా ఒక్కటీ రాకపోయే అవకాశం ఇంకా 37 శాతం దాకా ఉంటుంది. రోజుకి ముప్పై పట్టేవాడికి 4096 పట్టడానికే నాలుగున్నర నెలలు. అదీ ఏదో ఒక జీవం హండ్రెడ్ అయితే చాలు అనుకుంటే. ఫలానా రకమే కావాలంటే ఆ రకంలోనే అన్ని పట్టాలి.

ఈ అంకెల్ని ఆటగాళ్లు ఐవీ అంటారు. ఇండివిడ్యువల్ వాల్యూ అన్నదానికి పొట్టి పేరు. జపనీస్ ఆటగాళ్లు వాడే 'కొతైచి' అన్న మాటకీ అర్థం అదే: ఒక్కొక్క జీవికి సొంతమైన విలువ. ఈ పేరు దగ్గర కాస్త ఆగాలి.

1996 ఫిబ్రవరిలో జపాన్‌లో గేమ్‌బాయ్ మీద మొదటి పోకెమాన్ ఆటలు వచ్చినప్పటి నుంచీ ఈ అంకెలు ఏదో ఒక రూపంలో ఉన్నాయి. వాటిని తయారుచేసిన సతోషి తజిరి చిన్నతనంలో పురుగులు పట్టి పోగుచేసేవాడు. ఆ సరదానే ఆటగా మార్చాడు. రెడ్, గ్రీన్ అని రెండు రకాలుగా ఆట విడుదలైంది. కొన్ని జీవాలు ఒకదాంట్లో మాత్రమే దొరుకుతాయి. అన్నీ కావాలంటే రెండోది ఉన్న దోస్తు దగ్గరికి వెళ్లి, రెండు గేమ్‌బాయ్‌లనీ కేబుల్‌తో కలిపి, ఇచ్చిపుచ్చుకోవాల్సిందే. అట్లాంటి ఆటలో నీ పికాచు, నా పికాచు అచ్చం ఒకేలా ఉండకూడదు. ఉంటే మార్చుకోవడంలో మజా లేదు. నిజం పురుగులు రెండు ఒకేలా ఉండవు కదా. నాలుగు బిట్ల అంకెలు ఆ తేడాని తెచ్చాయి. ఆ ఆటల్లో అవి తెర మీద ఎక్కడా కనిపించేవి కావు. ఫలితాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే.

మన దగ్గర ఆ రోజుల్లో దీనికి పూర్తి వ్యతిరేకమైన ఆట ఒకటుండేది. నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది: డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డులు. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ అన్నీ కార్డు మీదే అచ్చేసి ఉండేవి. కార్డు తీయడం, అంకె చదవడం, ఎక్కువున్నవాడు గెలవడం. ఒక మల్లయోధుడి కార్డుకీ అదే మల్లయోధుడి ఇంకో కార్డుకీ తేడా ఉండదు. ఉన్న అంకెలన్నీ బయటే. పోకెమాన్‌లో అంకె లోపల దాక్కుంది, జీవం ముందుకొచ్చింది. ట్రంప్ కార్డులో అంకె ముందుంది, వెనక మనిషి బొమ్మ. ఇరవై ఏళ్లలో పోకెమాన్ మెల్లగా ట్రంప్ కార్డుగా మారిన కథే ఈ హండ్రెడ్‌ల వేట అని నా వాదన. వాదనకి ముందు లెక్క తేల్చేద్దాం.

మ్యూటూని తీసుకుందాం, ఈ ఆటలో పేరున్న బలశాలి. రెయిడ్ అనే సామూహిక పోరులో ఓడించి దాన్ని పట్టుకునేటప్పుడు ఒక్కో అంకె కనీసం 10 ఉంటుంది. వాతావరణం కలిసిరాని మామూలు రోజున, అన్నిటికంటే నాసిరకం మ్యూటూ సీపీ 2294. అంటే మొత్తం బలానికి ఆట వేసే అంకె. హండ్రెడ్ అయితే 2387. తేడా 93, నాలుగు శాతం. ఒక్క అటాక్ చూస్తే ఇంకా తక్కువ. మ్యూటూకి జాతిపరంగానే 300 ఉంది, దాని మీద 10 కలిస్తే 310, 15 కలిస్తే 315. తేడా 1.6 శాతం. మ్యూటూ ఇట్లా లెవెల్ 20లో దొరుకుతుంది. ఇప్పుడు అదే నాసిరకందాన్ని లెవెల్ 40కి పెంచండి. సీపీ 4015 అవుతుంది. హండ్రెడ్‌ని కూడా అంతే పెంచితే 4178. అంటే పెంచకుండా అట్టేపెట్టి మురిసిపోయే హండ్రెడ్ కంటే, దగ్గర పెట్టుకుని పెంచిన నాసిరకం పోకెమాన్‌కి సీపీ 68 శాతం ఎక్కువ. సరైన రకం దాడి ఎంచుకుంటే దెబ్బ 1.6 రెట్లు. వాతావరణం కలిసొస్తే 1.2 రెట్లు. ఈ రెట్ల ముందు ఆ 1.6 శాతం ఎంత?

మా ఆఫీసు భాషలో దీన్ని ప్రొఫైలింగ్ అంటాం. ప్రోగ్రామ్ నెమ్మదిగా నడుస్తుంటే ముందు సమయం ఎక్కడ పోతోందో కొలవాలి. నూటికి తొంభై పాళ్లు ఒకచోట పోతుంటే, రెండు పాళ్లు పోయే చోట కూర్చుని రాత్రంతా కోడ్ తిరగరాయడం తెలివితక్కువ పని. ఐవీల వేట ఆ రెండు పాళ్ల దగ్గర కూర్చోవడమే. ఇంకో లెక్క చూడండి. ఒక పోకెమాన్‌ని వెంటబెట్టుకుని రోజులతరబడి నడిచి, తినిపించి, ఆడించి బెస్ట్ బడ్డీ చేసుకుంటే, అది మన తోడుగా ఉన్నంతసేపూ ఒక లెవెల్ ఎక్కువ బలంతో ఉంటుంది. లెవెల్ 40 నుంచి 41కి వెళితే మూడు గుణాలూ 0.6 శాతం పెరుగుతాయి. మ్యూటూ అటాక్‌లో 13కీ 15కీ ఉన్న తేడా కూడా దాదాపు అంతే. లాటరీలో రాని రెండు పాయింట్లు నడకతో వస్తాయన్నమాట.

అవతలి పక్షానికి కూడా న్యాయం చేయాలి. వాళ్ల దగ్గర రెండు మంచి వాదనలు ఉన్నాయి. మొదటిది, ఆట దెబ్బల్ని పూర్ణాంకాల్లోనే లెక్కిస్తుంది, దశాంశం తర్వాత వచ్చేదాన్ని కోసేస్తుంది. కాబట్టి చాలాసార్లు ఒకటిన్నర శాతం తేడా ఎక్కడికక్కడ కోతలో పోతుంది. కానీ అప్పుడప్పుడూ 11.9ని 12.1 చేస్తుంది. అప్పుడు ప్రతి దెబ్బకీ ఒక పాయింటు ఎక్కువ, పోరు మొత్తానికి చూస్తే అది కనిపించే తేడానే. రెండోది మాస్టర్ లీగ్. అక్కడ సీపీకి పరిమితి లేదు, ఎవరెంత పెంచుకున్నా సరే. ఇద్దరూ ఒకే జీవాన్ని, ఒకే లెవెల్లో దింపి, ఇద్దరూ ఒకే క్షణంలో పెద్ద దాడి నొక్కితే, అటాక్ ఎక్కువున్నవాడి దెబ్బే ముందు పడుతుంది. అక్కడ 15కీ 14కీ తేడా గెలుపోటముల తేడా కావచ్చు. ఆ లీగ్‌లో పైమెట్టు మీద ఆడేవాడు హండ్రెడ్ కోసం వెతుకుతున్నాడంటే నేను నోరెత్తను. అతనికి అది పనిముట్టు.

కానీ ఆ పక్కనే గ్రేట్ లీగ్ ఉంది. అక్కడ సీపీ 1500 దాటకూడదు. సీపీ లెక్కలో అటాక్‌ని నేరుగా గుణిస్తారు, డిఫెన్స్, స్టామినాలవి వర్గమూలాలు మాత్రమే. కాబట్టి అటాక్ మీద ఉన్న ఒక్కో పాయింటూ 1500 గీత దగ్గరికి తొందరగా తోస్తుంది. అటాక్ 0, మిగతా రెండూ 15 ఉన్నదాన్ని గీత దాటకుండా ఇంకాస్త ఎక్కువ లెవెల్‌కి పెంచొచ్చు. అది ఎక్కువ దెబ్బలు తట్టుకుంటుంది. చాలా జీవాలకు ఈ లీగ్‌లో ఆదర్శం ఆ 0, 15, 15కి దగ్గరగా ఉంటుంది. ఆట దానికిచ్చే గ్రేడు ఎంతో తెలుసా? 45కి 30, రెండు నక్షత్రాలు. నాలుగు నక్షత్రాల హండ్రెడ్ ఇక్కడ చాలాసార్లు వెనకబడుతుంది. అంటే ఆట తన చేత్తో వేసిన మార్కుల్ని తన ఇంకో చేత్తో కొట్టేస్తోంది.

ఇది మనవాళ్లకి కొత్త విషయం కాదు. కోడిపందేలవాళ్ల కుక్కుట శాస్త్రంలో, ఎప్పుడూ గెలిచే పుంజు అని ఒకటి లేదు. డేగ, కాకి, నెమలి, ఏ రంగుదైనా సరే, ఏ రోజు, ఏ వేళ, ఎదుట ఏ రంగు అన్నదాన్ని బట్టి దాని బలాబలాలు మారతాయి. ఆ శాస్త్రాన్ని నేను నమ్మను, ఆ కత్తుల ఆట మీద ఇష్టమూ లేదు. చట్టం కూడా ఒప్పుకోదు. కానీ అందులో ఒక ఇంగితం ఉంది. పుంజుకి మార్కులు వేసేముందు, ఏ బరిలోకి అని అడుగుతుంది. హండ్రెడ్ అనే మాట ఆ ప్రశ్న అడగకుండానే పుంజుకి మార్కులు వేసేసింది.

మరి లెక్కలో ఇంత పలుచటి విషయం మనసులో ఇంత చోటు ఎట్లా ఆక్రమించింది? దీనికి జవాబు ఆట తెరలోనే ఉంది. 2016 ఆగస్టులో పోకెమాన్‌ని అంచనా వేయించుకునే సౌకర్యం మొదలైనప్పుడు, మన జట్టు నాయకుడు మాటల్లో చెప్పేవాడు. ఇది అద్భుతంగా ఉంది, ఇది ఫర్వాలేదు, దీని అటాక్ బాగుంది, ఇట్లా. మూడు జట్ల నాయకులవి మూడు రకాల మాటతీరులు. ఆ మాటల్లోంచి కచ్చితమైన అంకె తేలేది కాదు, ఒక అందాజు మాత్రం వచ్చేది. అంకె కావాలన్నవాళ్లు బయటి కాలిక్యులేటర్లు పట్టుకునేవారు. 2019లో ఈ తెర మారింది. మాటల స్థానంలో మూడు గీతలు, పక్కన నక్షత్రాల ముద్ర వచ్చాయి. ఏ గీతయినా 15 దాకా నిండితే రంగు మారుతుంది. మూడూ నిండితే ముద్ర కూడా ఎర్రబడుతుంది. కాలిక్యులేటర్ అక్కర్లేదు, చూడగానే తెలిసిపోతుంది. సౌకర్యంగా చూస్తే మంచి మార్పే. ఇంజనీర్‌గా నేనూ అట్లాగే చేసేవాడినేమో. కానీ చదివేవాడిగా చూస్తే, ప్రోగ్రెస్ కార్డులో సారు చేత్తో రాసిన రెండు వాక్యాలు కొట్టేసి మార్కులు మాత్రం మిగిల్చినట్టుంది. 14 ఉన్న గీత ఆరెంజ్ రంగులోనే ఉండిపోతుంది, కొద్దిగా ఖాళీతో. ఆ ఖాళీ ఒక కణమంతే, కానీ కన్ను అక్కడికే పోతుంది. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగిన తెలుగు పిల్లలకు ఆ చూపు ఎవరూ నేర్పక్కర్లేదు. 45కి 44 వస్తే ఆ ఒక్కటి ఎక్కడ పోయిందని అడిగే ఇళ్లల్లోంచి వచ్చినవాళ్లం.

తెర తర్వాత సంచి. పోకెమాన్‌లని దాచుకోవడానికి చోటు పరిమితం. ఇంకో 50కి చోటు కావాలంటే 200 నాణేలు పెట్టాలి. చోటు నిండితే వెతికే పెట్టెలో సున్నా, పక్కన చుక్క గుర్తు కొడతారు. సున్నా నక్షత్రాలవి అన్నీ వరసగా వస్తాయి. అన్నిటినీ ఒక్కసారే ఎంచుకుని ప్రొఫెసర్‌కి పంపేస్తే ఒక్కోదానికి ఒక్కో క్యాండీ చేతిలో పడుతుంది. డేటాబేస్‌లో ఒక షరతు రాసి వరసలు తుడిచేయడం లాంటిది. సెలవుకి ఇంటికెళ్లినప్పుడు పదో తరగతి చదివే మా పిన్ని కొడుకు ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"అన్నా, ఇది జీరో స్టార్ అట. పంపించెయ్యాల్నా?"

"ఎక్కడ పట్టినవ్ రా దీన్ని?"

"చర్చి కాడ. ఆట ఎక్కించుకున్న మొదటి రోజే."

"మరి ఎందుకు పంపుతవ్?"

"జీరో కదా అన్నా."

డోర్నకల్ తెలిసినవాళ్లకి చర్చి అంటే ఏదో చెప్పక్కర్లేదు. ఆంగ్లికన్ చర్చికి తొలి భారతీయ బిషప్ అయిన అజరయ్య కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్, 1939లో ప్రతిష్ఠ జరిగింది. వాడు దాని పక్కన నిలబడి తన మొదటి పోకెమాన్‌ని పట్టాడు. ఇప్పుడు ఆ జీవం గురించి వాడికి తెలిసిన ఒకే ఒక్క సంగతి, అది జీరో. వాడి తప్పేమీ లేదు. తెర వాడికి చెప్పింది అదే.

వేటని వెనకేసుకొచ్చేవాళ్లు ఇక్కడ ఒక మాట అంటారు, దాన్ని కొట్టిపారేయలేం. ఐవీలు లేకపోతే రెండో పిడ్జీని ఎవడు పడతాడు? రోజూ కనిపించే పిచ్చుకలాంటి జీవాన్ని వెయ్యోసారి కూడా ఆశగా చూసేట్టు చేస్తున్నది ఆ లాటరీయే కదా? పెద్దగా ఏమీ దొరకని చిన్న ఊళ్లో ఆటని బతికిస్తున్నది అదే కదా? నిజమే, ఆశ ఆటని నడిపిస్తుంది. కానీ ఆ లాటరీ టికెట్లు అందరికీ సమానంగా అందుతున్నాయా?

చూడండి. పోకెస్టాప్‌లలో చాలా భాగం, ఇదే కంపెనీ అంతకుముందు చేసిన ఇంగ్రెస్ అనే ఆటలో ఆటగాళ్లు గుర్తించి పంపిన చోట్ల నుంచి వచ్చాయి. ఆటగాళ్లు ఎక్కువున్న నగరాల్లో అవి దట్టంగా ఉంటాయి, జంక్షన్ స్టేషన్ ఉన్న మండల కేంద్రంలో పలుచగా ఉంటాయి. స్టాప్‌లు పలుచనైతే బంతులూ తక్కువే. ఇక రెయిడ్‌ల సంగతి. అక్కడ ఒక్కో అంకె కనీసం 10 కాబట్టి హండ్రెడ్ అవకాశం 216లో ఒకటి. బయటి 4096తో పోలిస్తే 19 రెట్లు మెరుగు. కానీ పెద్ద రెయిడ్ గెలవాలంటే పక్కన నలుగురైదుగురు ఉండాలి. హైదరాబాద్‌లో ఒక పార్కు దగ్గర ఆదివారం పూట ఆ జనం దొరుకుతారు. చిన్న ఊళ్లో ఎక్కడ దొరుకుతారు? ఇంట్లోంచే చేరే రిమోట్ పాస్ 2020లో కొవిడ్ కాలంలో వచ్చి, చిన్న ఊళ్ల ఆటగాళ్లకు ఊపిరి పోసింది. 2023 ఏప్రిల్‌లో దాని ధర 100 నాణేల నుంచి 195కి పెరిగింది, రోజుకి ఇన్నేనని పరిమితి కూడా పడింది. 2025లో ఈ ఆటతో సహా నియాంటిక్ కంపెనీ ఆటల వ్యాపారం 350 కోట్ల డాలర్లకు స్కోప్‌లీ చేతికి వెళ్లింది. అంత సొమ్ము పలికిన వ్యాపారంలో మన ఆశకి కూడా ధర కట్టే ఉంటారు.

కాబట్టి "నీ దగ్గర హండ్రెడ్‌లు ఎన్ని?" అన్న ప్రశ్నకి జవాబు ఆటగాడి నేర్పుని చెప్పదు, ఓపికని కూడా పూర్తిగా చెప్పదు. ఎక్కువ భాగం అతను ఎక్కడుంటాడో, ఎంత ఖర్చు పెట్టగలడో చెబుతుంది. పెద్ద కాలేజీ ఫ్లెక్సీ మీద ర్యాంకుల వరస చూసి పిల్లల తెలివిని కొలిచినట్టుంటుంది ఆ కొలత. మా తమ్ముడు లాంటివాళ్లు ఆ కొలతతో తమని తాము కొలుచుకోవడమే నాకు బాధగా అనిపించేది.

నేను దీన్ని చెడ్డ ఆట అనడం లేదు. ఇదే ఆటలో ఇంకో విలువ కూడా ఉంది. ఏ పోకెమాన్ పేజీ అయినా కిందికి జరుపుకుంటూ వెళితే, చివర్లో అది ఏ రోజు దొరికిందో, ఏ ప్రాంతంలో దొరికిందో రాసి ఉంటుంది. ముద్ర లేదు, నక్షత్రాలు లేవు, చిన్న అక్షరాలు అంతే. చాలామంది అంతదాకా జరపరు. ఈ చిన్న అక్షరాలకి ఉన్న బలం 2018 జూన్‌లో ఇచ్చిపుచ్చుకోవడం మొదలైనప్పుడు బయటపడింది.

ఇద్దరు స్నేహితులు ఎదురుబొదురుగా ఉండి పోకెమాన్‌లు మార్చుకుంటే ఏమవుతుంది? ఆ మూడు ఐవీ అంకెలూ చెరిగిపోతాయి. ఆట మళ్లీ పాచికలు వేసి కొత్త అంకెలు ఇస్తుంది. హండ్రెడ్ ఇస్తే ఎదుటివాడికి హండ్రెడే అందాలని లేదు, జీరో ఇచ్చినా జీరోయే మిగలాలని లేదు. చెరగనివి మాత్రం పట్టిన తేదీ, పట్టిన చోటు. పుట్టుకతో వచ్చిన అంకెలు చేతులు మారగానే మారిపోతున్నాయి, ఊరి పేరు మాత్రం వెంట వస్తోంది. ఇండివిడ్యువల్ వాల్యూ అన్న పేరు ఈ రెండింట్లో దేనికి సరిపోతుందో మీరే చెప్పండి.

అంతటితో అయిపోలేదు. మార్చుకునే రెండు జీవాలూ దొరికిన చోట్ల మధ్య దూరం 10 కిలోమీటర్ల లోపైతే ఒక క్యాండీ, 100 లోపైతే రెండు, 100 దాటితే మూడు. డోర్నకల్ నుంచి హైదరాబాద్‌కి తిన్నగా గీత గీస్తే 170 కిలోమీటర్లు దాటుతుంది. అంటే డోర్నకల్ చర్చి దగ్గర పట్టిన సున్నా నక్షత్రాల పిడ్జీ, హైదరాబాద్ ఆటగాడికి పక్క గల్లీలో దొరికిన మూడు నక్షత్రాల పిడ్జీ కంటే మార్పిడిలో ఎక్కువ లాభం. దాని ఊరు చూసి పుచ్చుకుంటాడు, ఐవీ ఎంతని అడగడు. ఇంకోటి, పట్టి ఎంత పాతబడితే, మార్చుకున్నప్పుడు లక్కీ అయ్యే అవకాశం అంత పెరుగుతుంది. లక్కీ అయితే ఒక్కో అంకె కనీసం 12, హండ్రెడ్ అవకాశం 64లో ఒకటి. పెంచే ఖర్చులో స్టార్‌డస్ట్ సగమే. అంటే దూరం, కాలం, ఎదురుగా ఇంకో మనిషి, ఈ మూడూ కలిస్తే హండ్రెడ్ దానంతటదే దగ్గరికొస్తుంది. 4096 పిట్టల్ని ఒంటరిగా పట్టి వదిలేసేవాడి కంటే, మొదటి రోజుల పోకెమాన్‌లని దాచుకుని పండక్కి ఇంటికొచ్చిన దోస్తుతో మార్చుకునేవాడికి ఈ ఆట ఎక్కువ ఇస్తోంది. తజిరి రెండు గేమ్‌బాయ్‌లని కేబుల్‌తో కలిపినప్పుడు అనుకున్నది కూడా ఇట్లాంటిదే అయి ఉంటుంది.

అసలు ఆటల కుటుంబం కూడా ఈ పుట్టుక మార్కుల మీద పట్టు సడలించింది. 2016లో వచ్చిన సన్, మూన్ ఆటల్లో లెవెల్ 100కి చేరిన జీవానికి హైపర్ ట్రెయినింగ్ ఇప్పిస్తే దాని అంకెలు గరిష్ఠం అయినట్టే పనిచేస్తాయి. ఇరవై ఏళ్ల తర్వాత, పుట్టుకతో రానిది శిక్షణతో వస్తుందని ఆట ఒప్పుకుంది. మంచి సవరణే. కానీ అక్కడ కూడా గమ్యం ఆ గరిష్ఠమే. పోకెమాన్ గోలోని చిన్న అక్షరాల ఊరి పేరే నాకు ఇంకా ధైర్యమైన ఆలోచనగా కనిపిస్తుంది. దానికి గరిష్ఠం లేదు. డోర్నకల్ నూటికి ఎంత, అని ఎవరూ అడగలేరు.

అయితే ఇంత మంచి ఆలోచనని ఆట పేజీ అడుగున పెట్టి, మూడు గీతల్ని, ఎర్ర ముద్రనీ మొదట చూపించింది. విమర్శకుడిగా నా ఫిర్యాదు అదొక్కటే. తేదీని, ఊరిని ఆ ముద్ర పక్కనే చూపిస్తే ఖర్చేమీ కాదు, డేటా ఎట్లాగూ ఉంది. అట్లా చూపించి ఉంటే మా తమ్ముడు వేరే ప్రశ్న పట్టుకుని వచ్చేవాడు.

ఆడేవాళ్లకి నా జవాబు ఇది. మాస్టర్ లీగ్‌లో పైమెట్ల మీద పోటీపడుతున్నారా, వెతకండి, తప్పులేదు. కాకపోతే చేతిలో ఉన్నదాన్ని పెంచండి, దాంతో నడవండి, ఆ లాభం ముందు ఐవీల లాభం చిన్నది. ఇక సంచి ఖాళీ చేసేటప్పుడు ఒక చిన్న పని. వెతికే పెట్టె ఐవీలనే కాదు, ఏడాదిని, దూరాన్ని కూడా అర్థం చేసుకుంటుంది. సున్నా చుక్క కొట్టే ముందు ఇయర్ అని రాసి పక్కన మీరు ఆట మొదలుపెట్టిన ఏడాది కొట్టండి. తర్వాత డిస్టెన్స్ అని రాసి పక్కన 100, ఒక అడ్డగీత కొట్టండి. ఈ రెండు జాబితాల్లో వచ్చినవాటికి ఒక ట్యాగ్ తగిలించి పక్కన పెట్టండి. మిగతావి ప్రొఫెసర్‌కి పంపుకోండి. మా తమ్ముడి ఫోన్‌లో అదే చేశాం. చర్చి దగ్గరి జీరో మొదటి జాబితాలోనే వచ్చింది. సంక్రాంతికి నా దగ్గరున్న హైదరాబాద్ పిడ్జీతో మార్చుకుందాం అన్నాను. "నువ్వు ఇంకేదన్న ఇచ్చుకో అన్నా, ఇది నేనియ్య" అన్నాడు.